అలుగు – టాలియెరా తాటి: ఒక పోలిక

అలుగు అనగానే మనకు చెరువు నిండి పొర్లే చోటు గుర్తుకొస్తుంది. నేను చెప్పేది నల్లమలలో ఉండే పొలుసుల జంతువు గురించి. నేను వీపనగండ్ల హాస్టల్లో ఏడవ తరగతి చదివేటప్పుడు ఒకాయన కొల్లాపూర్ అవతలి అడవి నుండి గోనెసంచిలో ఒకదాన్ని తెచ్చాడు. మేము కట్టెతో పొడిచాము. అది బంతిలా చుట్టుకొని కదలలేదు. తర్వాత ఏమైందో ఎవరమూ అడగలేదు.

అలుగు పాలిచ్చే క్షీరదం. శాస్త్రీయ నామం మానిస్ క్రాసికాడేటా. పళ్లుండవు, పొడవాటి జిగురు నాలుకతో చీమలను, చెదలను తింటుంది. పొలుసులు మన గోళ్లలోని కెరాటిన్‌తోనే ఏర్పడతాయి. వాటిలో మందు గుణముందని నమ్మి దొంగచాటుగా విదేశాలకు అమ్ముతున్నారు. చుట్టుకున్న అలుగును చిరుతపులి కొరకలేదు గాని, మనిషి సులువుగా ఎత్తి సంచిలో వేసుకుంటాడు. ఈతకు సాధారణంగా ఒకే పిల్ల.

ఇక రెండవది కోరిఫా టాలియెరా. మన తాటిలాగే విసనకర్ర ఆకులుండే బెంగాల్ చెట్టు. దీనికి శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో పనిచేసినవాడే. ఈ చెట్టు కొన్ని దశాబ్దాలు పెరిగి, జీవితంలో ఒకేసారి నెత్తిమీద పెద్ద పూగుత్తి వేసి, కాయలు పండాక చచ్చిపోతుంది. సహజంగా పెరిగినవాటిలో చివరిదిగా తెలిసిన చెట్టు శాంతినికేతన్ దగ్గర ఉండేది. అది పూతకొస్తే దయ్యపు తాటి అని భయపడి, కాయలు పండకముందే 1979లో నరికేశారు. ఢాకా విశ్వవిద్యాలయంలోని చెట్టు 2008లో పూసింది. దాని విత్తనాలతో మొక్కలు పెంచారు.

ఐ.యు.సి.ఎన్. జాబితాలో టాలియెరా 'అడవిలో అంతరించినది'. అలుగు అంతకంటే రెండు మెట్లు ఇవతల, 'అంతరించే ప్రమాదంలో ఉన్నది'. రెండింటిలో దేనికి ముప్పు ఎక్కువ అని పీజీ మౌఖిక పరీక్షలో అడిగితే తాటికే అన్నాను. మార్కులు పడ్డాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే, అందుకని సంబరంగా అమ్మకు చెప్పాను. ఆమె కూలికి పోయి విత్తనాలేసే మనిషి. "విత్తనముంటే మల్ల మొలుస్తది బిడ్డా, ఆ జీవానికి విత్తనమేడిది?" అన్నది.

నా జవాబు జాబితా ప్రకారం ఒప్పే, కానీ అమ్మ ప్రశ్న నా సార్ ప్రశ్న కంటే లోతైనది. తాటి విత్తనాన్ని ఏ తోటలోనైనా నాటవచ్చు. అలుగుకు మనం చీమలు, చెదలు ఎక్కడ తెచ్చి పెడతాం? ఒడిశాలోని నందన్‌కానన్ జూలో 2009 నుండి అలుగుల పునరుత్పత్తి కేంద్రం నడుస్తోంది. పిల్లలు పుట్టాయి కూడా, ఒక్కొక్కటిగా.