బయోస్ చిప్‌ను మనమే తిరిగి రాసుకోవచ్చు



రెండేళ్ల కిందట, డిగ్రీ ఆఖరి సంవత్సరంలో, మన హాస్టల్ కంప్యూటర్‌ను పాడుచేసింది నేనే. బయోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాను తిరిగింది కానీ తెర మీద ఒక్క అక్షరం రాలేదు. స్కాలర్‌షిప్ ఫారాలు నింపుకోవడానికి అందరికీ ఉన్నది అదొక్కటే. షాపులో చూపిస్తే "బోర్డు పోయింది, కొత్తది వేయాలి" అన్నారు. నిజానికి బోర్డు పోలేదు. ఒక చిన్న చిప్‌లోని రాత మాత్రమే పోయింది. దాన్ని తిరిగి రాసిన పద్ధతి, అందులో నేను చేసిన తప్పు ఇక్కడ చెబుతాను.

బయోస్ అంటే ఏమిటి?

కంప్యూటర్ ఆన్ కాగానే మొట్టమొదట నడిచే ప్రోగ్రాం బయోస్. మెమరీ, కీబోర్డు, డిస్కు సరిచూసి, తర్వాత విండోస్‌కో లినక్స్‌కో పని అప్పగిస్తుంది. నేటి బోర్డుల్లో ఉండేది యూఈఎఫ్ఐ అనే కొత్త రకమైనా, అందరూ బయోస్ అనే అంటారు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇది రోమ్ చిప్‌లో ఉండేది, మార్చాలంటే చిప్‌నే మార్చాలి. తర్వాత ఫ్లాష్ చిప్‌లు వచ్చి పని సులువైంది, ప్రమాదమూ వచ్చింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయోస్‌ను చెడగొట్టింది.

ఫ్లాష్ చిప్ మన పలక లాంటిది. తుడిస్తే బిట్లన్నీ 1 అవుతాయి. రాయడమంటే కావలసినచోట 1ని 0 చేయడం. 0ని మళ్లీ 1 చేయాలంటే ఆ భాగమంతా తుడవాల్సిందే. అందుకే మధ్యలో కరెంటు పోతే పాత రాత ఉండదు, కొత్తది పూర్తికాదు.

కావలసినవి

సీహెచ్341ఏ అనే యూఎస్‌బీ ప్రోగ్రామర్, 8 కాళ్ల చిప్‌ను పట్టే క్లిప్, మల్టీమీటర్, పనిచేసే మరో కంప్యూటర్, అందులో ఫ్లాష్‌రోమ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్.

పద్ధతి

1. పవర్ వైరు తీసేయండి. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు పోతుంది.

2. బోర్డు మీద 8 కాళ్ల చిప్‌ను వెతకండి. దాని పేరులో సాధారణంగా 25 అనే అంకె ఉంటుంది. చుక్క ఉన్న మూల 1వ కాలు. క్లిప్‌లో ఎర్ర తీగ అటే రావాలి.

3. వోల్టేజి చూడండి. విన్‌బాండ్ 25క్యూ64ఎఫ్‌వీ 3.3 వోల్టులది, 25క్యూ64ఎఫ్‌డబ్ల్యూ 1.8 వోల్టులది. చివరి అక్షరమే తేడా. 1.8 చిప్‌కు 3.3 ఇస్తే కాలిపోవచ్చు, దానికి అడాప్టర్ కావాలి. కొన్ని సీహెచ్341ఏ బోర్డులు డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతాయి. ముందే మీటరుతో కొలవండి.

4. చిప్‌లో ఉన్నదంతా చదివి ఫైలుగా దాచండి. రెండోసారి చదివి రెండూ పోల్చండి. 64 మెగాబిట్ల చిప్ అయితే సరిగ్గా 83,88,608 బైట్లు రావాలి. తేడా వచ్చినా, అంతా ఎఫ్ఎఫ్ లేదా 00 వచ్చినా క్లిప్ సరిగా పట్టలేదేమో చూడండి.

5. బోర్డు తయారీదారు వెబ్‌సైట్ నుంచి అదే మోడల్, అదే రివిజన్ ఫైలు తీసుకోండి. దాని పరిమాణం చిప్ పరిమాణానికి సమానంగా లేకపోతే నేరుగా రాయవద్దు. కొన్ని ఫైళ్లకు ముందు అదనపు భాగం ఉంటుంది.

6. తుడవండి, రాయండి, చివర వెరిఫై చేయండి.

నా తప్పు

నేను 4వ మెట్టు వదిలేశాను. పాడైపోయిన రాతను దాచుకోవడం దేనికి అనుకున్నాను. కొత్త ఫైలు రాయగానే తెర వెలిగింది, తమ్ముళ్లు కేకలు వేశారు. మర్నాడు చూస్తే నెట్ రాలేదు. ఒక్కొక్క బోర్డుకు వేరుగా ఉండే నెట్‌వర్క్ చిరునామా, సీరియల్ నంబరు మా బోర్డులో ఆ చిప్‌లోనే ఉన్నాయి. అందరికీ ఇచ్చే ఫైలులో అవి ఉండవు. పాడైన రాతలో అవి చెక్కుచెదరకుండా ఉండి ఉండవచ్చు. నేనే చెరిపేశాను. అదృష్టం కొద్దీ చిరునామా బోర్డు మీద స్టిక్కర్‌లో ఉంది. దాన్ని ఫైలులో సరైన చోట చేర్చి, చెక్‌సమ్ సరిచేసి మళ్లీ రాయడానికి మూడు రాత్రులు పట్టింది. సీరియల్ నంబరు మాత్రం తిరిగి రాలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న తాపీ పని చేస్తాడు. ఈ సంగతి చెబితే, "పాత గోడ కూలగొట్టే ముందు కొలతలు తీసుకోవాలిరా" అన్నాడు. బయోస్ అంటే ఆయనకు తెలియదు, కానీ నేను వదిలేసిన మెట్టు ఆయనకు తెలుసు.

తమ్ముళ్లూ, షాపువాళ్లు పోయిందన్న పాత బోర్డు దొరికితే పారేయకండి, దాని మీద నేర్చుకోండి. హాస్టల్ కంప్యూటర్ మీద మాత్రం మొదటి ప్రయోగం చేయవద్దు. నా ప్రోగ్రామర్, క్లిప్ వార్డెన్ గారి బీరువాలో పెట్టి వెళ్లాను. అవి మీవే.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్న