జర్మన్ మాట్లాడాలంటే.. విదేశీ బడితో కలిసి ఓ పాడ్‌కాస్ట్ చేయండి

గోథే సంస్థ నిర్వహించే జర్మన్ బీ1 స్థాయి పరీక్షలో మాట్లాడే భాగం దాదాపు పావుగంట. సాధారణంగా ఇద్దరు అభ్యర్థులను కలిపి కూర్చోబెడతారు. ముందు ఇద్దరూ కలిసి ఏదో ఒక పని ప్లాన్ చేయాలి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఏం తేవాలి. తర్వాత ఒకరు చిన్న ప్రజెంటేషన్ ఇస్తే రెండోవారు దాని మీద అభిప్రాయం చెప్పి ప్రశ్న అడగాలి. వ్యాకరణం కంఠతా వచ్చినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి నీళ్లు నములుతుంటారు. ఆర్టికల్స్ పట్టిక అప్పజెప్పడం వేరు, ‘శనివారం నాకు కుదరదు, ఆదివారం పెట్టుకుందామా?’ అని అవతలి మనిషిని ఒప్పించడం వేరు. నూటికి 60 రాకపోతే ఈ భాగానికి మళ్లీ కూర్చోవాల్సిందే.

బేరాలు, ఒప్పందాలు, అభిప్రాయభేదాలు.. ఇవన్నీ నిజంగా అవసరమయ్యే చోట భాష దానంతటదే కదులుతుంది. బయటి దేశంలోని బడితో కలిసి పాడ్‌కాస్టో, చిన్న వీడియోనో, ఆన్‌లైన్ పత్రికో తయారుచేయడం అలాంటి పని. కోచింగ్ సెంటర్లు దీన్ని పెద్దగా పట్టించుకోవు. మార్కుల లెక్కకు అందదు కదా!

భాగస్వామి బడి ఎలా దొరుకుతుంది? జర్మనీ విదేశాంగ శాఖ 2008లో ‘పాష్’ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. జర్మన్ నేర్పే బడులు ప్రపంచమంతటా 2 వేల దాకా ఇందులో ఉన్నాయి. మన దేశంలోని బడులూ ఉన్నాయి. మీది అందులో ఉందేమో మీ జర్మన్ టీచర్‌ను అడగండి. లేకపోతే హైదరాబాద్‌లోని గోథే జెంట్రమ్‌ను గానీ, చెన్నై, బెంగళూరుల్లోని మాక్స్ ముల్లర్ భవన్‌లను గానీ టీచర్ ద్వారా సంప్రదించవచ్చు. ఐరోపా బడులను కలిపే ‘ఈట్విన్నింగ్’ గురించి చాలామంది వింటారు, కానీ అది మన బడుల కోసం పెట్టింది కాదు.

భాగస్వామి జర్మనీలోనే ఉండాలన్న పట్టుదల వద్దంటాను. జర్మనీ పిల్లలు ఇంగ్లిష్ బాగా మాట్లాడతారు, మనవాళ్లతో దాన్ని ఇంకా సానబెట్టుకోవాలనీ చూస్తారు. మొదటి వీడియో కాల్‌లో నాలుగు జర్మన్ ముక్కలు, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో అంతా ఇంగ్లిషే! అదే పోలండ్‌లోనో వియత్నాంలోనో జర్మన్ నేర్చుకుంటున్న బడితో కలిస్తే రెండు వైపులా తడబాటు సమానం. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న బెరుకు సగం పోతుంది. జర్మనీ బడే దొరికితే ముందే షరతు పెట్టుకోండి: ఒక వారం కబుర్లు జర్మన్‌లో, మరో వారం ఇంగ్లిష్‌లో. బయటికి విడుదలయ్యేది మాత్రం పూర్తిగా జర్మన్‌లోనే.

ఇక విషయం. ‘మన సంస్కృతి, మన పండుగలు’ అని స్లైడ్లు చేసి పంపితే అవతలివాళ్లు ‘చాలా బాగుంది’ అంటారు. అక్కడితో సంభాషణ అయిపోతుంది. చిన్న విషయం పట్టుకోండి. ఉదాహరణకు, ఖాళీ ప్లాస్టిక్ సీసా ఏమవుతుంది? జర్మనీలో చాలా పానీయాల సీసాలకు 25 సెంట్ల డిపాజిట్ కట్టించుకుంటారు. ఖాళీది సూపర్‌మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. 2003 నుంచి ఉన్న పద్ధతి ఇది. మన వీధిలో ఆ పని తోపుడుబండి మీద పాత సామాన్లు కొనే మనిషి చేస్తాడు. ఆయనతో తెలుగులో మాట్లాడి, రికార్డు చేసి, దాన్ని జర్మన్‌లోకి తేవాలి. కిలోకి ఎంత ఇస్తాడు, ఎవరికి అమ్ముతాడు, అక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? సీసా ‘సేకరించబడుతుంది, కడగబడుతుంది, కరిగించబడుతుంది’ అని తెలుగులో అంటే కృతకంగా ఉంటుంది, జర్మన్‌లో మాత్రం అదే సహజం. పుస్తకంలో భయపెట్టిన పాసివ్ వాయిస్ ఇక్కడ ఐదు నిమిషాల ఎపిసోడ్‌లో పదిసార్లు వాడక తప్పదు. అవతలి వైపు నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే మరో పదిసార్లు.

వీడియో కంటే ముందు ఆడియో మంచిది. ఖర్చు లేదు, ఫోన్ చాలు. ఎడిటింగ్‌లో మన గొంతు మనమే పదేపదే వినాలి. తెలుగులో లేని, ‘ఊ’, ‘ఈ’ల మధ్య ఉండే జర్మన్ ధ్వని (ü) ఎక్కడ జారిపోయిందో అప్పుడు తెలుస్తుంది. స్క్రిప్టు మొత్తం డీప్ఎల్ అనువాద యంత్రంతో రాయించుకుంటే మాత్రం, లైవ్‌లో తొలి అనుబంధ ప్రశ్నకే దొరికిపోతారు. ముందు సొంతంగా రాసి, యంత్రంతో సరిచూసుకుని, ఎందుకు మార్చిందో టీచర్‌ను అడగండి.

జర్మనీ బడి నుంచి మొదట వచ్చేది స్క్రిప్టు కాదు, తల్లిదండ్రుల సంతకం కోసం అనుమతి పత్రం. చాదస్తం అనుకోకండి. 1898లో జర్మనీ మాజీ చాన్సలర్ బిస్మార్క్ మరణించినప్పుడు ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగచాటుగా గదిలోకి వెళ్లి ఆయన మృతదేహాన్ని ఫొటో తీశారు. ఆ గొడవ నేపథ్యంలోనే 1907 చట్టంలో, మనిషి బొమ్మను అతని అనుమతి లేకుండా ప్రచురించకూడదన్న నియమం వచ్చింది. 2018 నుంచి ఐరోపా డేటా రక్షణ నిబంధనలూ తోడయ్యాయి. కాబట్టి గ్రూపు ఫొటో ఇన్‌స్టాలో పెట్టేముందు అడగండి. నేపథ్యంలో సినిమా పాట అసలే వద్దు, హక్కుల చిక్కులొస్తాయి. ఈ అనుమతులు అడిగే మెయిళ్లు జర్మన్‌లో రాయండి. ఆఫీసు జర్మన్‌కు ఇంతకంటే మంచి అభ్యాసం ఉండదు.

తేదీల్లోనే చాలా ప్రాజెక్టులు అటకెక్కుతాయి. వేసవిలో జర్మనీ మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్టోబరు చివరి ఆదివారం, మార్చి చివరి ఆదివారం అక్కడి గడియారాలు మారతాయి. మన వేసవి సెలవులు ముగిశాక వాళ్లవి మొదలవుతాయి, అదీ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తేదీన. అక్టోబరులో మనకు దసరా, వాళ్లకు శరదృతువు సెలవులు. నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు మధ్య వరకు ఉన్న వారాలే రెండు వైపులా నిలకడగా దొరికేవి. మూడు ఎపిసోడ్లకు అవి చాలు.

బడి దాటినవాళ్ల మాటేమిటి? జర్మనీ వృత్తి శిక్షణ వీసాకు సాధారణంగా బీ1, నర్సుగా గుర్తింపుకు ఎక్కువ చోట్ల బీ2 అడుగుతారు. అక్కడి ఆస్పత్రిలో డ్యూటీ మారేటప్పుడు రోగి పరిస్థితిని తర్వాతి నర్సుకు నోటితో అప్పగించాలి. నర్సింగ్ చదివినవారు మరో ఊళ్లో జర్మన్ నేర్చుకుంటున్న తోటి నర్సుతో జతకట్టి, కల్పిత రోగి గురించి వారానికో రెండు నిమిషాల ఆడియో మార్చుకోవచ్చు. అసలు రోగుల వివరాలు మాత్రం ఎప్పుడూ వద్దు. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె ఉచితంగా ఇచ్చే ‘నీకోస్ వేగ్’ పాఠాలు బీ1 దాకా తోడుంటాయి.

రెజ్యూమెలో ‘జర్మన్: బీ1’ అన్న వరుస కింద ఎపిసోడ్ లింకు, అందులో మీ వంతు ఏమిటో రెండు జర్మన్ వాక్యాలు పెట్టండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని తెరిస్తే, ప్రశ్న ఆ ఎపిసోడ్ మీదే వచ్చే అవకాశముంది. స్క్రిప్టు ఎవరు రాశారు, పాత సామాన్లాయన్ను ఎలా ఒప్పించారు, గడువు తప్పినప్పుడు అవతలి బడికి ఏం చెప్పారు? ఈ మూడింటికి జర్మన్‌లో జవాబులు ముందే సిద్ధం చేసుకోండి.