జ్వరమూర్ఛ - అపస్మారము

విద్యార్థులారా! ఒకే మాట పలు వ్యాధులకు చెల్లినచోట భయము హెచ్చును. మన యిండ్లలో సొమ్మసిల్లుటను మూర్ఛ యందురు. జ్వరతీవ్రతలో పసిబిడ్డ కాలుసేతులు కొట్టుకొనుటను మూర్ఛయే యందురు. అపస్మారమనెడి దీర్ఘవ్యాధిని గూడ మూర్ఛయే యందురు. తమిళనాట ‘వలిప్పు’, కన్నడసీమలో ‘మూర్ఛె’ అను మాటలును ఇట్లే ఒకటికి మించిన అర్థములలో వినబడుచుండును. కావున ఆసుపత్రిలో వైద్యుడు చెప్పినదానిని ఇంటివారికి తెలుగున వినిపించు విద్యార్థి ఈ భేదము నెరిగియుండవలెను.

మెదడులోని నాడీకణములు స్వల్పమైన విద్యుత్సంకేతములచే పనిచేయును. ఆ సంకేతములు ఒక్కుమ్మడిగా క్రమము తప్పినపుడు శరీరము బిగిసి కొట్టుకొనును, స్పృహ తప్పును. దీనినే ‘ఫిట్సు’ అందురు. ఇది లక్షణమే గాని వ్యాధి పేరు కాదు. కారణమును బట్టియే వ్యాధి నిర్ణయింపబడును.

జ్వరమూర్ఛ సాధారణముగా 6 నెలలకును 5 సంవత్సరములకును నడిమి వయస్సున, నూటికి 2 నుండి 5 మంది పిల్లలకు వచ్చును. పెక్కు సందర్భములలో అది కొద్ది నిమిషములలోనే తనంతట నిలిచిపోవును. అట్టిదానివలన బుద్ధి మందగింపదు. సుమారు మూడవవంతు పిల్లలకు మరల రావచ్చును. అంతమాత్రమున అది అపస్మారము కాదు.

అపస్మారమన, జ్వరము వంటి తక్షణకారణము లేకయే ఫిట్సు మరల మరల వచ్చుట. 24 గంటలకు మించిన యెడముతో అట్టివి రెండు వచ్చినచో వైద్యులు సామాన్యముగా ఆ పేరు పెట్టుదురు. సరియైన చికిత్సచే నూటికి 70 మంది వరకు ఫిట్సు లేకుండ జీవింపగలరు.

ఫిట్సు వచ్చిన బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నోటిలో చెంచాగాని, నీరుగాని, మందుగాని పెట్టరాదు. చేత ఇనుము నుంచుటవలన ప్రయోజనము లేదు. గడియారము చూచి కాలము గుర్తింపవలెను. 5 నిమిషములు దాటినను, మెడ బిగిసినను, పిమ్మట బిడ్డ తెలివికి రాకున్నను తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. మెదడుపొరల వాపు వంటి ప్రమాదకరవ్యాధులలోను జ్వరముతో ఫిట్సు వచ్చును. మొదటిసారి వచ్చినది ఎంత త్వరగా తగ్గినను వైద్యునికి చూపవలెను.

వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు మూడు:

1. ఇది జ్వరమూర్ఛయా, అపస్మారమా?
2. అట్లని యేల నిర్ణయించితిరి?
3. మరల వచ్చినచో మేమేమి చేయవలెను?

ఈ మూడింటికిని వైద్యుడు చెప్పిన సమాధానములను వ్రాసికొని, తల్లిదండ్రులకు తెలుగున చదివి వినిపింపుడు. ‘మూర్ఛయట’ అని మాత్రము చెప్పి ఊరకుండరాదు.