మాత్ర వేసుకుంటున్నా మధ్యలో మరకలెందుకు?

ఏది నెలసరి, ఏది స్పాటింగ్?

గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్ స్ట్రిప్‌లో 28 మాత్రలు. హార్మోన్ ఉన్నవి 21, మిగతా 7 ఐరన్‌వి. ఐరన్ మాత్రల వారంలో అయ్యే రక్తస్రావం హార్మోన్ ఆగినందువల్ల వచ్చేది, మామూలే. హార్మోన్ ఉన్న తెల్ల మాత్రలు నడుస్తుండగానే బట్టలకు మరకలంటితే అది స్పాటింగ్. ప్యాడ్ పెట్టుకోవాల్సినంత అయితే బ్రేక్‌త్రూ బ్లీడింగ్. పరీక్షలో దీనిపై ప్రశ్న వస్తే, ‘ఎన్నో మాత్ర రోజున’ అన్నది చూడకుండా జవాబు పెడితే మార్కు పోయినట్టే.

కారణం

గర్భాశయం లోపలి పొరను నిలిపి ఉంచేది ఈస్ట్రోజన్. మాత్రలోని ప్రొజెస్టిన్ దాన్ని పలచన చేస్తుంది. మాలా-ఎన్‌లో లెవోనార్‌జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ 0.15 మి.గ్రా., ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ 0.03 మి.గ్రా. మాత్రమే. అందుకే కొత్తలో, ముఖ్యంగా మొదటి మూడు నెలలు, ఆ పొర అక్కడక్కడా రాలుతుంది.

దీని వెనుక ఓ తమాషా కథ ఉంది. 1950లలో అమెరికాలో తొలి మాత్రను పరీక్షిస్తున్నప్పుడు, నోరెథినోడ్రెల్ అనే ప్రొజెస్టిన్‌లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజన్ కల్తీగా కలిసినట్టు తేలింది. శుద్ధి చేసి ఇస్తే మధ్యలో రక్తస్రావం పెరిగింది! దాంతో ఆ కల్తీనే కొలిచి మళ్లీ కలిపారు. 1960లో గర్భనిరోధకంగా అనుమతి పొందిన ఎనోవిడ్‌లో అది 0.15 మి.గ్రా. రక్తం గడ్డకట్టే ముప్పు బయటపడ్డాక మోతాదులు తగ్గిస్తూ వచ్చారు. ముప్పు తగ్గింది, మరకలు మిగిలాయి.

మాత్ర మరచిపోవడం, వాంతులు, పొగతాగడం కూడా కారణాలే. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ అయితే మాత్ర పనినే తగ్గిస్తాయి. అక్కడ వేరే పద్ధతి చూడాల్సిందే.

‘ఆపేయనా అక్కా?’

ఆశా కార్యకర్తను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఆపొద్దు. రోజూ తప్పకుండా వేసుకుంటుంటే, మరకలు కనిపించినంత మాత్రాన మాత్ర పనిచేయట్లేదని కాదు. భయపడి మధ్యలో మానేస్తేనే గర్భం వచ్చే అవకాశం. రాత్రి అన్నం తిన్నాక అని వేళ పెట్టుకుంటే మరుపు తగ్గుతుంది. ఒకటి మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. వరుసగా రెండు, అంతకుమించి మరిస్తే మాత్రలు కొనసాగిస్తూనే 7 రోజులు కండోమ్ తప్పదు.

మూడు నెలలు దాటినా తగ్గకపోయినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, పొత్తికడుపులో నొప్పి ఉన్నా డాక్టర్ దగ్గరికి పంపాలి. మాత్రలు తప్పి ఉంటే ముందు గర్భనిర్ధారణ పరీక్ష.

ఛాయతో కలపొద్దు

ఛాయ కూడా గర్భనిరోధక మాత్రే; లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్‌ఐ) రూపొందించిన సెంట్‌క్రోమాన్ ఇందులో ఉంటుంది. స్టెరాయిడ్ హార్మోన్ కాదు. తొలి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి. దీంతో వచ్చే ఫిర్యాదు సాధారణంగా మరకలు కాదు, నెలసరి ఆలస్యం.