పెరటి కొలను

తెలుగునాట చెఱువు లేని యూరు అరుదు. కాకతీయుల కాలమున కట్టిన పాకాల, రామప్ప చెఱువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. అంతటి చెఱువు కట్టించుట ప్రభువులకు చెల్లిన పని. కాని ఇంటి వెనుక నాలుగు గజముల చోటు గలవారెవ్వరైనను పెరటిలో ఒక చిన్న కొలనును ఏర్పఱచుకొనవచ్చును. అందు కలువలు పూచును, చేపలు తిరుగును, తూనీగలు వ్రాలును, ఎండకు అలసిన పక్షులు వచ్చి దాహము తీర్చుకొనును.

పైకి చూచినచో ఇది కేవలము వినోదమువలె తోచును. అయినను ఇందొక బాధ్యత ఇమిడియున్నది. నిలిచిన నీరు దోమలకు పుట్టినిల్లు. ఆలనాపాలనా లేని కొలను ఆ యింటివారికే కాక ఇరుగుపొరుగువారికిని జ్వరములను తెచ్చిపెట్టును. చక్కగా కాపాడిన కొలనులో దోమ గ్రుడ్లు పెట్టినను, వానినుండి వెడలిన పిల్లలు చేపలకును ఇతర జలజీవులకును ఆహారమగును. ఒకే నీరు ఒక యింట రోగమునకును, మఱియొక యింట ఆనందమునకును కారణమగుట ఎట్లో తెలిసికొందము.

కడప సీమలోని పోరుమామిళ్లలో 1369వ సంవత్సరము నాటి శాసనమొకటి కలదు. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట గొప్ప చెఱువును కట్టించి దానిని వేయించెను. మంచి చెఱువునకుండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆఱు దోషములును అందు చెప్పబడినవి. కట్టనుండి నీరు కాఱుట, నేల చౌడుదగుట, చెఱువు నడుమ మిట్ట యుండుట అట్టి దోషములు. పెరటి కొలను త్రవ్వువారును ఇట్లే ముందుగా దోషములను తలచుకొని, పిదప పలుగు పట్టవలెను.

కొలనునకు మొదట చూడవలసినది చోటు. దినమునకు ఐదాఱు గంటలైనను ఎండ తగులనిచో కలువ పూయదు. చెట్టుక్రింద త్రవ్వినచో ఎండ తగులకపోవుటయే కాక, రాలిన ఆకులు నీటిలో క్రుళ్లును. త్రాగునీటి బావికిని, మఱుగుదొడ్డి గుంటకును దూరముగా నుండవలెను. వీధి మురుగు వచ్చి చేరు పల్లమున త్రవ్వరాదు. ఇంటిలోని పెద్దల కన్నులయెదుట నుండు చోటు అన్నిటికంటె శ్రేష్ఠము. ఏలయన, రెండడుగుల నీరైనను పసిబిడ్డలకు ప్రాణాపాయకరము. చిన్నపిల్లలున్న యింట కొలను చుట్టును దడి కట్టి, దానికి తలుపు పెట్టక మానరాదు.

త్రవ్వుటకు అనువైన కాలము గ్రీష్మాంతము. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నడుమ రెండడుగుల లోతు గల గుంట సామాన్యమైన పెరటికి చాలును. ఒక వైపు అంచు నిట్టనిలువుగా నుండక, మెల్లగా ఏటవాలుగా దిగవలెను. నీటిలో పడిన తొండయు, ఉడుతయు ఆ దారినే ప్రాణములు దక్కించుకొనును. నీరు ఇంకిపోకుండ లోపల బంకమన్నును తడిపి, త్రొక్కి, అర అడుగు మందమున మెత్తవచ్చును. కాని అట్టి పూత ఒక్కమారు ఎండినచో నెఱ్ఱెలు వాఱి నీరు కాఱును. సిమెంటుతో కట్టినచో ఆ భయము తక్కువ. అయితే క్రొత్త సిమెంటునుండి సున్నపు క్షారము నీటిలో దిగును. కావున నీరు నింపి, వారము దినములుంచి, పాఱబోసి, ఇట్లు మూడు మారులు చేసిన పిమ్మటనే చేపలను విడువవలెను. అంచున నొకచోట నీరు పొర్లిపోవుటకు చిన్న తూము పెట్టి, చేపలు కొట్టుకొనిపోకుండ దానికి సన్నని వల బిగింపవలెను.

జ్యేష్ఠమాసపు తొలకరితో కొలనునకు జీవము వచ్చును. వాననీరు దానికి అమృతము. కుళాయినీరు పోయవలసివచ్చినచో, అందలి క్లోరిను విడిపోవుటకు ఒకటి రెండు దినములు విశాలమైన తొట్టిలో నిలువయుంచి పోయవలెను. కలువదుంపను బంకమన్ను నింపిన కుండలో నాటి, పైన గులకఱాళ్లు పఱచి, నీటిలో దింపవలెను. మాగని పేడయెఱువు కలిపినచో నీరు పచ్చనై పాచి పట్టును. తామర నాటగోరువారు దానిని వెడల్పైన తొట్టిలోనే యుంచవలెను. విడిచిపెట్టినచో దాని దుంపలు పాకి కొలనునంతయు ఆక్రమించుకొనును. నీటిపై సగము మొదలు మూడింట రెండు వంతుల వఱకు ఆకులు పఱచుకొనియుండిన చాలును. అంతకు తక్కువైనచో ఎండకు పాచి పెరుగును. అంతకు మించినచో వెలుతురు లోపలికి పోక, నీట మునిగియుండు మొక్కలు నశించును.

ఊదారంగు పూలను చూచి మురిసి గుఱ్ఱపుడెక్కను తెచ్చి వేయుట తగదు. దక్షిణ అమెరికా దేశమునుండి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన కాలమున రెండు వారములలోనే రెండింతలగును. పెరటినుండి కాలువకును, కాలువనుండి చెఱువునకును ప్రాకి, చేపలు పట్టువారికిని, పొలములకు నీరు పెట్టువారికిని తీరని బాధ కలిగించును.

ఇక దోమల సంగతి. మలేరియా వ్యాధిని వ్యాపింపజేయునది దోమయే యని నిర్ణయించుటకు మూలమైన పరిశోధన తెలుగుదేశమునకు దూరమున జరుగలేదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిములను సూక్ష్మదర్శినితో కనుగొనెను. ఆ కృషికై ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించెను. మలేరియాను మోయునది అనాఫిలిస్ జాతి దోమ. దాని పిల్ల నీటి పైభాగమున అడ్డముగా పరుండియుండును. క్యూలెక్స్ జాతి దోమపిల్ల తల క్రిందుగా వ్రేలాడును. ఈ గుఱుతు తెలిసినచో బాలురును కొలనులోని దోమపిల్లలను పోల్చుకొనగలరు.

వెచ్చని కాలమున దోమ గ్రుడ్డునుండి ఱెక్కల పురుగగుటకు ఎనిమిది, పది దినములు చాలును. దోమపిల్లలను తినునట్టి తూనీగపిల్ల కూడ నీటిలోనే పెరుగును గాని, అది ఎదుగుటకు నెలకు పైగా పట్టును. కనుక క్రొత్త కొలనులో శత్రువు ముందుగా వచ్చును. మిత్రుడు వెనుకగా వచ్చును. ఈ నడుమ కాలమే మిక్కిలి అపాయకరము. ఆ దినములలో వారమునకొక్కమారు తప్పక సన్నని వలతో నీటిని దేవవలెను. వారమనుటకు కారణమిదియే: దోమపిల్లకు ఱెక్కలు వచ్చుటకు ముందే మనము దానిని చేరవలెను.

సిమెంటు క్షారము పోయిన వెంటనే పది పండ్రెండు చిన్న చేపలను విడువవలెను. తలపై వెండిచుక్క మెఱయుచు, నీటి పైభాగముననే తిరుగు చిన్నచేపలు మన కాలువలలోను, చెఱువులలోను కలవు. దోమపిల్లలు వానికి ప్రియమైన ఆహారము. పట్టణములలో ఇందులకై గప్పీ, గంబూసియా అను విదేశపు చేపలనుకూడ పెంచుచుందురు. గంబూసియా దోమపిల్లలతో పాటు ఇతర మత్స్యముల గ్రుడ్లను, పిల్లలను సైతము తినును. కావున అట్టి చేపలను ఎన్నడును కాలువలలో విడువరాదు. చేపలున్నవి గదా యని నిశ్చింతగా నుండుటయు తగదు. అంచుల వెంబడి దట్టముగా పెరిగిన గడ్డిలోనికి అవి చొరలేవు. అచ్చటనే దోమపిల్లలు దాగును. ఆ గడ్డిని ఎప్పటికప్పుడు కోయవలెను. గడ్డి తక్కువైనచో పాములును దాగియుండక కంటబడును. నీటికి వచ్చు నీరుకట్టె విషము లేని పాము; దానిని చంపనక్కఱ లేదు. అయినను పాముల జాతి నెఱుగని బాలురు దేనిని సమీపింపక పెద్దలను పిలువవలెను.

మఱియొక మాట. డెంగూ జ్వరమును మోయు దోమ పగటివేళ కుట్టును. అది తేటనీరు నిలిచిన చిన్నచిన్న పాత్రలలో గ్రుడ్లు పెట్టును. చేపలు తిరుగు కొలనుకంటె దాని ప్రక్కన పడియున్న కొబ్బరిచిప్పయు, పూలకుండి క్రింది పళ్లెమును ఎక్కువ అపాయకరములు. కొలనును చూచువాడు పెరటినంతయు చూడవలెను.

వానలు వెనుకబట్టగా శరత్తు వచ్చును. శరత్కాలమున జలము తేటపడుననుట కవుల వర్ణన మాత్రమే కాదు. వఱదతో వచ్చిన బురద అడుగుకు దిగుటచే నీరు నిజముగనే తేఱును. కలువలు విరివిగా పూచుటకు ఇది తగిన కాలము. కలువలన్నియు చంద్రుని చూచి విరియునని కవిసమయము. తెల్లకలువ రాత్రి విరిసి, మఱునాడు ప్రొద్దెక్కగా ముడుచుకొనుట సత్యమే. కాని నీలికలువ పగటివేళనే విరియును. రెండును పెంచినవారు ఈ వింతను స్వయముగా చూడగలరు.

హేమంతమున చలికి మొక్కల పెరుగుదల మందగించును. తామరాకులు గోధుమవన్నెకు తిరుగును. చేపలకు ఆకలి తగ్గును గనుక ఆహారము వేయుట తగ్గింపవలెను. తినక మిగిలిన మెతుకు నీటిని చెఱచును. వాడిన ఆకును నీటిలో క్రుళ్లనీయక వెంటనే తీయవలెను. ఆకు క్రుళ్లునప్పుడు దానిని జీర్ణించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. శిశిరమున చెట్లు ఆకు రాల్చు దినములలో కొలనుపై వల పఱచుట మంచిది.

శిశిరాంతమున అడుగున పేరుకొనిన మెత్తని బురదను తీయవలెను. ఇచ్చట పలువురు తొందరపడుదురు. నీరంతయు తోడి, గోడలు తోమి, మరల క్రొత్తనీరు నింపుదురు. అప్పుడు మురికితోపాటు తూనీగపిల్లలు, నత్తలు, నీటిపురుగులు మొదలైన కాపలావారందఱును పోవుదురు. కొలను మరల తొలినాటి స్థితికి వచ్చును. దోమలకు మరల అదను దొరకును. కనుక మూడవవంతు నీటికి మించి తీయరాదు. తీసిన బురద పూలమొక్కలకు మంచి ఎఱువగును. వసంతారంభమున తామరదుంపలను విడదీసి నాటవలెను. దుంప కొనయందలి మొలక విఱిగినచో అది చిగుర్పదు. కనుక ఈ పనిని తొందరపాటు లేక చేయవలెను.

గ్రీష్మము కొలనునకు పరీక్షాకాలము. తీవ్రమైన ఎండలలో దినమునకు ఒక సెంటీమీటరు వఱకు నీరు ఆవిరియగును. మనము చెప్పుకొనిన కొలనునకు అది సుమారు 37 లీటర్లు, అనగా రెండు మూడు బిందెల నీరు. ఇంటివారి దాహమునకే నీరు చాలని చోట ఇంతటి కొలను కూడదు. ఒక సిమెంటు తొట్టిలో ఒక కలువను, నాలుగు చేపలను పెంచుకొనుట మేలు. లోటును ప్రతిదినము సాయంకాలము కొద్దికొద్దిగా పూరింపవలెను. సబ్బు కలిసిన నీరు ఎంతమాత్రము పోయరాదు.

నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. పైగా రాత్రివేళ మొక్కలు ప్రాణవాయువును విడువవు, తామే గ్రహించును. అందుచే గ్రీష్మమున తెల్లవాఱుజామున చేపలు పైకివచ్చి నోళ్లు తెఱచుచున్నచో, అవి ఆటలాడుచున్నవని భ్రమపడరాదు. అవి ఊపిరికై తపించుచున్నవి. వెంటనే చెంబుతో కొలను నీటినే తీసి, ఎత్తునుండి మరల మరల ధారగా పోయవలెను. ధారతో గాలి నీటిలో కలియును. పిదప మధ్యాహ్నపు ఎండ సోకు వైపున తడికతో నీడ కల్పింపవలెను.

ఇట్లు ఆఱు ఋతువులును గడచి మరల మొయిళ్లు క్రమ్మును. ఒక యేడు కొలనును కాపాడిన విద్యార్థి ప్రకృతిశాస్త్రమును పుస్తకమున చదువుటయే కాక కన్నులార చూచినవాడగును. వారమునకొక గడియ దానికై వెచ్చించినచో చాలును. అయితే ఆ గడియ ఏ వారమును తప్పరాదు. పరీక్షలనియు, పండుగలనియు మనము మఱచిపోవచ్చును గాని, దోమ మఱవదు. పోరుమామిళ్ల శాసనము చెఱువులకు ఆఱు దోషములను చెప్పినది. పెరటి కొలనునకు వానికంటె పెద్ద దోషమొకటి కలదు: అది యజమానుని మఱపు. ఆ దోషము లేనివారు నిర్భయముగా పలుగు పట్టవచ్చును.