ఎవరి మూల వాళ్లదే

పిల్లల గది పిల్లలే శుభ్రం చేసుకోవాలి అంటారు. మన ఇళ్లలో పిల్లలకు వేరే గది ఎక్కడుంది? చాలా ఇళ్లలో ఉండేది ఒకటే గది. అందులోనే పొయ్యి. అందులోనే పడక. నేత ఇంట్లో అయితే మగ్గం కూడా అక్కడే.

గది లేకపోయినా పిల్లలకు ఒక మూల చూపించవచ్చు. గోడలో ఒక గూడు ఇవ్వవచ్చు. ఒక మేకు కొట్టి పెట్టవచ్చు. ఆ మూలను తామే చక్కగా పెట్టుకోవడం పిల్లలకు నేర్పాలి. ఎందుకు నేర్పాలి? ఎలా నేర్పాలి? ఈ పాఠంలో చూద్దాం.

పలక మీద లెక్క

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం మొదలుపెట్టారు. సహకారం అంటే ఏమిటి? బరువు ఒక్కరి మీదే పడకుండా అందరూ పంచుకోవడం. మరి ఇంట్లో పని సంగతి ఏమిటి?

ఆ ఊళ్లో ఒక నేత ఇల్లు అనుకుందాం. తండ్రి మగ్గం నేస్తాడు. తల్లి రాట్నం తిప్పి కండెలు చుడుతుంది. పెద్దమ్మాయి ఏడో తరగతి. నడిపోడు అయిదో తరగతి. చిన్నదానికి నాలుగేళ్లు. ఇంట్లో అవ్వ కూడా ఉంది.

పొద్దున్నే పెద్దమ్మాయి లేస్తుంది. అందరి పక్కలు మడుస్తుంది. కసువు ఊడుస్తుంది. నీళ్లు పట్టి తెస్తుంది. తమ్ముడి చొక్కా వెతికి ఇస్తుంది. చెల్లెలి పలక వెతికి ఇస్తుంది. తమ్ముడు తిన్న కంచం కడుగుతుంది. తమ్ముడు ముందే బడికి పోతాడు. అక్క గంట కొట్టాక పోతుంది.

ఒకరోజు ఆ పిల్ల గడప మీద కూర్చుండిపోయింది.

"నేను బడికి పోనమ్మా. రోజూ ఆలస్యమే. అందరి ముందూ నిలబడాలంటే సిగ్గుగా ఉంది" అంది.

తల్లి చేతిలో రాట్నం ఆగింది. తాను బడి మానింది కూడా ఇట్లనే. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మానింది. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. కూతురికి ఆ గతి పట్టకూడదు అనుకుంది.

ఆ రాత్రి తల్లి పలక తీసింది. పొద్దున ఎవరు ఏ పని చేస్తున్నారో రాసింది. పిల్లల పేర్లు రాసిన చోట చూసింది. పెద్దమ్మాయి పేరు కింద 6 పనులు వచ్చాయి. నడిపోడి పేరు కింద ఒక్కటీ లేదు.

మరుసటి రోజు నడిపోణ్ణి పిలిచింది. "నీ పక్క నువ్వే మడువు. నీ కంచం నువ్వే కడుగు. నీ మూల నువ్వే ఊడువు" అంది.

"అది ఆడోళ్ల పని కదమ్మా!" అన్నాడు వాడు.

"మగపిల్లోడి చేతికి పరక ఇస్తావేమే?" అంది అవ్వ.

మగ్గం గుంతలో నుంచి తండ్రి మాట్లాడాడు. "అమ్మా, సాయంత్రం ఈ గుంతలో దుమ్ము ఎవరు ఊడుస్తున్నారు? తెగిన పోగులు ఎవరు ఏరుతున్నారు? నేనే కదా! నేను మగోణ్ణి కాదా?"

అవ్వ నవ్వి ఊరుకుంది. ఆ పూట తండ్రి కూడా తన కంచం తానే కడిగాడు. అది చూసి నడిపోడు తన కంచం తీశాడు.

ఒక్క రోజులో అంతా మారలేదు. నడిపోడు రెండు రోజులు చేశాడు. మూడో రోజు ఎగ్గొట్టాడు. తల్లి మళ్లీ గుర్తు చేసింది. అక్క మాత్రం వాడి పని చేయలేదు. "నువ్వు చేయొద్దు" అని తల్లి గట్టిగా చెప్పింది. వాడి చొక్కా వాడే వెతుక్కోవలసి వచ్చింది. వాడే బడికి ఆలస్యంగా పోయాడు. ఆ తరువాత చొక్కా మేకుకు తగిలించడం అలవాటయింది. ఇప్పుడు అక్క కూడా గంట కొట్టక ముందే బడిలో ఉంటోంది.

ఎలా నేర్పాలి?

1. ముందు చోటు చూపించాలి. పుస్తకాలకు గూడు, బట్టలకు మేకు, పక్కకు మూల. అన్నీ పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి.

2. చేసి చూపించాలి. తరువాత కలిసి చేయాలి. ఆ తరువాత పిల్లలకు వదిలేయాలి.

3. వయసును బట్టి పని చెప్పాలి. నాలుగేళ్ల పిల్ల పలకను గూట్లో పెట్టగలదు. ఆరేళ్లకు దుప్పటి మడవగలరు. తమ కంచం తాము కడగగలరు. తొమ్మిది పదేళ్లకు మూల ఊడ్చుకోగలరు.

4. రోజూ ఒకే వేళకు చేయించాలి. పొద్దున లేవగానే పక్క. రాత్రి పడుకునే ముందు పుస్తకాలు.

5. పిల్లలు మడిచిన దుప్పటి వంకరగా ఉంటుంది. వాళ్ల ముందే విప్పి మళ్లీ మడవకండి. "బాగా చేశావు" అనండి. రేపు ఇంకా బాగా చేస్తారు.

6. ఊడ్చే పనిని శిక్షగా ఇవ్వకండి. శిక్ష అయితే ఆ పని అంటేనే అసహ్యం పుడుతుంది.

మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ ఇటలీ దేశంలో ఇదే చేసింది. 1907లో రోము నగరంలో కూలి జనం ఉండే పేటలో ఒక బడి పెట్టింది. అమ్మానాన్నలు పనికి పోతే ఇంటి దగ్గర ఉండే పిల్లల కోసం ఆ బడి. చిన్న చేతులకు సరిపోయే చిన్న వస్తువులు ఇచ్చింది. ఆ పిల్లలు ఊడ్చడం, తుడవడం నేర్చుకున్నారు. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి మన దేశంలో కూడా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. జపాన్ దేశంలో బడి పిల్లలు తమ తరగతి గదిని తామే శుభ్రం చేసుకుంటారు. ఆడపిల్లలు, మగపిల్లలు అని తేడా లేదు.

పత్తి కాలంలో

ఆదోని వైపు పత్తి ఎక్కువ. పత్తి తీసే రోజుల్లో తల్లులు పొద్దున్నే చేనుకు పోతారు. అప్పుడు ఇల్లంతా పెద్దమ్మాయి మీద పడుతుంది. బడి మానేది ఆ పిల్లే. మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయే ఇళ్లలోనూ ఇదే తంటా. పిల్లలందరికీ తమ పని తాము చేసుకోవడం వస్తే అక్క బడికి పోగలదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కు అని చట్టం ఉంది. అది 2010 నుంచి అమలులో ఉంది. ఆ హక్కు ఆడపిల్లకూ ఉంది.

శుభ్రం వల్ల జబ్బులు, ప్రమాదాలు తగ్గుతాయి. కుప్పగా పడేసిన బట్టల్లో తేళ్లు దాక్కుంటాయి. బట్టలు దులిపి తొడుక్కోవడం పిల్లలకు నేర్పండి. నీళ్లు నిలవ ఉంచిన కడవలో, డ్రమ్ములో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో అవి దోమలవుతాయి. అందుకే వారానికి ఒకసారి పాత్రలు ఖాళీ చేసి, రుద్ది కడగాలి. నీళ్లు పట్టాక మూత పెట్టాలి.

పిల్లలు చేయకూడని పనులు

పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాలు పిల్లలు ముట్టుకోకూడదు. ఖాళీ డబ్బా కూడా ముట్టుకోకూడదు. కడిగినా సరే, అందులో తాగే నీళ్లు, నూనె పోయకూడదు. కరెంటు తీగలు, కిరసనాయిలు పిల్లల పని కాదు. వాటిని పెద్దవాళ్లే చూసుకోవాలి.

పరకకు ఆడ, మగ తేడా తెలియదు. ఆ తేడా పెట్టింది మనమే. తీసేయవలసింది కూడా మనమే.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పొద్దున ఎవరు ఏ పని చేస్తారు? పలక మీద పేర్లు రాయండి. ఎవరి పేరు కింద ఎక్కువ పనులు ఉన్నాయి?

2. మీ పిల్లల్లో ఒక్కొక్కరికి ఏ మూల ఇస్తారు? ఏ గూడు ఇస్తారు?

3. మీరు చిన్నప్పుడు బడికి ఎందుకు పోలేకపోయారు? పక్కన కూర్చున్న వాళ్లకు చెప్పండి.

రాయండి: గూడు, మేకు, పరక, కంచం, దుప్పటి, మూల.