గోటికి పరీక్ష, ఊపిరికి లెక్క

సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో నడుస్తుంటే చెవిన తెలుగు పడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలోనైనా మన ఇళ్లలోనైనా తరచు ఎదురయ్యే బాధలు రెండు: పెద్దలకు పిప్పిగోళ్లు, పిల్లలకు ఆయాసం. మొదటిదానికి తొందరపడి మందు పూస్తాం, రెండోదానికి ‘తగ్గుతుందిలే’ అని ఆగుతాం. చేయవలసింది దీనికి తలకిందులు.

పిప్పిగోరు: గోరు పసుపురంగుకు తిరిగి, మందమెక్కి, పొడిలా రాలుతుంటే ఫంగస్ కావచ్చు. అయితే సోరియాసిస్ వల్లా, బిగుతు బూట్ల వల్లా కూడా గోరు అలాగే మారుతుంది. అందుకే చర్మవైద్యులు గోటిని కొద్దిగా గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఫంగస్ అని తేలితే సాధారణంగా టెర్బినాఫిన్ మాత్రలు ఇస్తారు. చేతిగోళ్లకు 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు వాడాలి. వాటికి ముందు కాలేయ పరీక్ష చేయిస్తారు. షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు చర్మం మీది దురదను అణచినా, ఫంగస్‌ను పెరగనిస్తాయి. కాలి బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మాత్రలు అయిపోగానే గోరు మారలేదని నిరాశపడకండి.

ఆయాసం: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసికందుకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40, అంతకు మించినా న్యుమోనియా కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఇక ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఈ నంబరు సూరత్‌లోనూ పనిచేస్తుంది. పసర్లు పోయడం, వాతలు పెట్టడం ప్రాణాలకే ముప్పు.

పిల్లికూతలు మాటిమాటికీ వస్తుంటే ఆస్తమా కావచ్చు. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. స్పేసర్‌తో ఇన్‌హేలర్ వాడితే మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అది వ్యసనమవుతుందన్నది అపోహ మాత్రమే.

60, 50, 40, 108. పిన్ నంబరు గుర్తుంచుకున్నట్టే వీటినీ గుర్తుంచుకోండి. పిన్ ఎవరికీ చెప్పకూడదు. వీటిని మాత్రం పసిబిడ్డలున్న ప్రతి ఇంటికీ చెప్పండి.